నగరం నడిబొడ్డున అపార్ట్‌మెంటుకు అనుమతి: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్, నారాయణగూడ వంటి చోట్ల పాత ఇల్లు తీసేసి అపార్ట్‌మెంటు కట్టాలనుకునేవారికి ప్లాన్లు గీయడం, దరఖాస్తు పెట్టడం, టౌన్‌ప్లానింగ్ విభాగం వేసే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడం నా వృత్తి. స్థల యజమానులు, కొనుగోలుదారులు, ఇరుగుపొరుగువారు అందరూ ఆ విభాగం చేయని పనులను దానికి అంటగట్టి, అది నిజంగా చూసేదాన్ని పట్టించుకోకపోవడం నేను తరచుగా గమనిస్తుంటాను.

అపోహ: ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే నిష్పత్తి) ఎంతో తెలిస్తే ఎన్ని అంతస్తులు వస్తాయో తేలిపోతుంది.

ఈ లెక్క ముంబైలోనో బెంగళూరులోనో పనికొస్తుంది. హైదరాబాద్‌లో 2006 మార్చిలో వచ్చిన జీవో 86 ఆ పరిమితిని తొలగించింది, 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ఇక్కడ ఎత్తును నిర్ణయించేవి స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ. 18 మీటర్లు, ఆపైన ఎత్తుండే భవనాన్ని జీవో 168 హైరైజ్‌గా లెక్కిస్తుంది. దానికి కనీసం 2000 చదరపు మీటర్ల స్థలం, 12 మీటర్ల రోడ్డు ఉండాలి, 21 మీటర్ల ఎత్తు వరకు నాలుగు వైపులా 7 మీటర్ల చొప్పున ఖాళీ వదలాలి. 40 మీటర్లకు 50 మీటర్ల స్థలంలో ఆ ఖాళీ వదిలితే కట్టుకోవడానికి మిగిలేది 26కు 36, అంటే 936 చదరపు మీటర్లు, సగానికన్నా తక్కువ. నగరం మధ్యలో ఏడెనిమిది వందల గజాల స్థలాల్లో ఎక్కడ చూసినా స్టిల్ట్ (పార్కింగ్‌కు వదిలే కింది అంతస్తు) మీద ఐదంతస్తులే కనిపించడానికి కారణం బిల్డర్ల అభిరుచి కాదు, ఈ నిబంధనల పట్టికే.

యజమానులు అసలు కంగుతినేది రోడ్డు దగ్గర. ఇంటి ముందు ఇప్పుడున్న రోడ్డు 40 అడుగులే అయినా, మాస్టర్‌ప్లాన్‌లో అది 60 అడుగులని ఉంటే, విస్తరణలో పోయే భాగాన్ని ముందే ఉచితంగా రాసివ్వాలి, సెట్‌బ్యాక్‌ను, అంటే భవనం చుట్టూ వదిలే ఖాళీని, ఆ కొత్త గీత నుంచి కొలవాలి. ప్రతిఫలంగా టీడీఆర్ (వేరేచోట వాడుకోగల, అమ్ముకోగల నిర్మాణ హక్కు) గానీ సెట్‌బ్యాక్‌లో సడలింపు గానీ దక్కుతుంది. దస్తావేజులో ఉన్న గజాలను పట్టుకొని ఫ్లాట్లను లెక్కపెట్టి, డెవలప్‌మెంట్ ఒప్పందం మీద సంతకం పెట్టేసి, ఆ తర్వాత నా దగ్గరకు వచ్చేవారికి ఈ మాట చెప్పడం నా పనిలోకెల్లా కష్టమైన భాగం.

అపోహ: అనుమతి వచ్చిందంటే స్థలం హక్కుకు ప్రభుత్వం పూచీ ఇచ్చినట్టే.

అనుమతి అంటే ఒక ప్లానును నిబంధనలతో పోల్చి చూడడమే. యాజమాన్యంపై తీర్పు చెప్పే అధికారం టౌన్‌ప్లానింగ్‌కు లేదు. లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తిపై లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) చూసుకోవలసింది కొనేవారే. పైగా తప్పుడు వివరాలతో తెచ్చుకున్న అనుమతిని జీహెచ్‌ఎంసీ చట్టం 450వ సెక్షన్ కింద కమిషనర్ రద్దు చేయవచ్చు. అనుమతి ఇచ్చినవారే నిబంధన తప్పితే కూడా భవనానికి రక్షణ ఉండదు. కొచ్చి పక్కనున్న మరడులో 2020 జనవరిలోనూ, నోయిడాలో సూపర్‌టెక్ జంట టవర్లకు 2022 ఆగస్టు 28నా జరిగింది అదే, స్థానిక సంస్థల అనుమతి ఉన్నా సుప్రీంకోర్టు ఆదేశంతో వాటిని కూల్చేశారు.

అపోహ: దరఖాస్తు పెట్టి 21 రోజులు దాటితే ఇక అడిగేవారుండరు.

భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ఆ గడువు పెట్టిన మాట నిజమే. అయితే అది గడువుతోపాటు బాధ్యతను కూడా స్వీయ ధ్రువీకరణ ఇచ్చినవారి మీదకే నెట్టింది, ఉల్లంఘన తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా ఇచ్చింది.

అపోహ: ఇరుగుపొరుగువారు ఒప్పుకోకపోతే అనుమతి రాదు.

ఒక్కొక్క ప్లాను మీద బహిరంగ విచారణ జరిపే పద్ధతి ఇక్కడ లేదు. 20,000 చదరపు మీటర్లు దాటి పర్యావరణ అనుమతి తీసుకోవలసిన భవనాలకు కూడా ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. అలాగని పక్కవారి మాటకు విలువ లేదనుకోవడం కూడా పొరపాటే. ఒకసారి నేను ప్లాను ఇచ్చిన భవనం మీదే పక్కింటి పెద్దాయన ఫిర్యాదు చేశారు. ఎండ పడదని, వీధిలో కార్లు పెరుగుతాయని రెండు పేజీలు రాసి, చివరలో ప్రహరీ నుంచి స్తంభం దాకా తాను టేపుతో కొలిచిన కొలత వేశారు. తనిఖీకి వచ్చిన అధికారిని కదిలించింది ఆ ఒక్క వాక్యమే. నేనూ వెళ్లి కొలిచాను. ఆయన కొలత సరైనదే, స్తంభం జానెడుకు పైగా ప్రహరీ వైపు జరిగి ఉంది.

అపోహ: 10 శాతం డీవియేషన్ (ప్లాను నుంచి తేడా) ఎలాగూ చెల్లుతుంది.

ఆ స్తంభం దగ్గర బిల్డరు నాతో అన్న మాట ఇదే. జీవో 168 చెప్పేది వేరు. ముందువైపు తప్ప మిగిలిన సెట్‌బ్యాక్‌లలో 10 శాతం లోపు తేడాను జరిమానా కట్టించుకొని మన్నించవచ్చని మాత్రమే అందులో ఉంది. రెండు మీటర్ల సెట్‌బ్యాక్‌లో పది శాతమంటే 20 సెంటీమీటర్లు. దాన్ని జనం పది శాతం అదనపు విస్తీర్ణంగానో, పైన ఒక పెంట్‌హౌస్‌గానో చదువుకుంటున్నారు.

ఈ తేడాలన్నీ బయటపడేది ఓసీ (భవనంలో నివాసానికి ఇచ్చే ధ్రువపత్రం) కోసం దరఖాస్తు పెట్టినప్పుడే. ఓసీ చూడనిదే బ్యాంకులు రుణం ఇవ్వకూడదని, కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వకూడదని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అనుమతి సమయంలో నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతం వరకు కార్పొరేషన్‌కు తనఖా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే దాన్ని విడిపిస్తారు. ఆ వాటాను సాధారణంగా కింది అంతస్తుల్లోనే చూపిస్తారు కాబట్టి, మొదటి అంతస్తులో ఫ్లాటు చూస్తున్నవారు బేరమాడే ముందు తనఖా పత్రంలో ఆ ఫ్లాటు నంబరు ఉందేమో చూడాలి.