దూద్‌సాగర్ పక్కన రెండో లైను: తగువు ఎక్కడ మలుపు తిరిగింది

వానలు ముదిరాయంటే గోవా–కర్ణాటక సరిహద్దు దగ్గరున్న దూద్‌సాగర్ జలపాతం వీడియోలు మళ్లీ ఫోన్లలో తిరుగుతాయి. 310 మీటర్ల ఎత్తు నుంచి నాలుగు అంచెలుగా దూకే నీళ్లు, వాటి నడుముకు అడ్డంగా రాతి వంతెన, దాని మీద మెల్లగా పోయే రైలు, తలుపుల దగ్గర తడుస్తూ కేకలు పెట్టే జనం. ఆ వీడియోల వెనకాలే ఏటా రెండు వార్తలు వస్తాయి. ఒకటి, పట్టాల మీద నడిచిన పర్యాటకుల మీద రైల్వే పోలీసుల చర్య. రెండోది, కర్ణాటక వైపు క్యాజిల్ రాక్ నుంచి గోవా వైపు కులేం దాకా ఘాట్‌లో రెండో లైను వేయాలా వద్దా అన్న వాదన. పేపర్లో ఈ రెండూ వేర్వేరు పేజీల్లో వస్తాయి. పక్కపక్కన పెట్టి చదివితేనే అసలు సంగతి తెలుస్తుంది.

మొదటిది ముందు. 2023 జులై 16, ఆదివారం. జలపాతం చూడ్డానికి వచ్చి పట్టాల మీద చిక్కిన కుర్రాళ్ల చేత రైల్వే పోలీసులు చెవులు పట్టించి గుంజీలు తీయించారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. జలపాతాన్ని పెట్టెలోంచే చూడండి, పట్టాల మీద నడిస్తే రైల్వే చట్టం 147, 159 సెక్షన్ల కింద నేరమవుతుంది అని నైరుతి రైల్వే ప్రకటించింది. భద్రత కోసం చెప్పిన మాటే, తప్పు పట్టలేం. ఆ ఘాట్‌లో సొరంగం దాటగానే వంతెన, వంతెన దాటగానే సొరంగం. ఎదురుగా బండి వస్తే పక్కకు తప్పుకునే చోటుండదు. పైగా వానాకాలంలో కులేం నుంచి అడవిలోకి వెళ్లే జీపులు ఆగిపోతాయి. నీళ్లు నిండుగా ఉండే ఆ నాలుగు నెలల్లో జలపాతాన్ని దగ్గరగా చూపించేది రైలు ఒక్కటే. అందుకే జనం దాని కోసం అంతగా ఎగబడతారు.

ఆ రైలుతో మనవాళ్లకీ పాత బంధుత్వం ఉంది. గోవాలోని వాస్కో నుంచి హౌరా (షాలిమార్) వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే ఈ ఘాట్ ఎక్కి హుబ్బళ్లి, బళ్లారి, గుంతకల్లు, నంద్యాల మీదుగా గుంటూరు, విజయవాడ చేరుతుంది. ఇటు పశ్చిమ కనుమల సొరంగాలు, అటు గాజులపల్లి, దిగువమెట్ట దగ్గర నల్లమల సొరంగాలు, రెండూ ఒకే టికెట్ మీద. మీటరుగేజీ కాలం నుంచీ ఇది ఒకే దారి. ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి వాస్కోకి కూడా రైలుంది. కాబట్టి ఈ తగువు మనకు సంబంధం లేని గోవా తగువని అనుకోవడానికి లేదు.

పోర్చుగీసు, బ్రిటిష్ ప్రభుత్వాలు 1878లో ఒప్పందం చేసుకోవడం, 1888 నాటికి బండ్లు తిరగడం, 1955లో సరిహద్దు మూతపడటం, 1961 తర్వాత మళ్లీ తెరుచుకోవడం చాలామంది రాసినవే. వాటిని వదిలేస్తున్నాను. ఆ చరిత్రలోంచి నాకు రెండే కావాలి. ఈ లైను వాస్కో పక్కనున్న మర్ముగోవా రేవు కోసం పుట్టింది, ఊళ్ల కోసమో యాత్రల కోసమో కాదు. ఇక రెండోది ఒక అంకె: 37కి 1.

ముప్పై ఏడు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎత్తు పెరుగుతుందని దాని అర్థం. రోడ్డు మీద ఇది లెక్కలోకి రాదు గానీ రైలుకు చాలా నిటారు. ఇనుప చక్రానికి ఇనుప పట్టా మీద పట్టు తక్కువ. అందుకే కులేం దగ్గర బండి వెనక అదనపు ఇంజిన్లు తగిలిస్తారు. వాటిని బ్యాంకర్లు అంటారు. ముందు ఇంజిన్ లాగుతుంది, వెనకవి నెడతాయి. దిగేటప్పుడూ అవే ఉండి బండిని పట్టి ఆపుతాయి. పోల్చి చూడాలంటే, 1998లో పూర్తయిన కొంకణ్ రైల్వే వాలు 150కి 1 మించదు. నూరేళ్ల తర్వాత కట్టినవాళ్లు కొండ ఎక్కకుండా తీరం పట్టుకుని పోయారు.

ఈ వాలును మనసులో పెట్టుకుని 2010కి వద్దాం. నా దృష్టిలో మొత్తం తగువుకు తాళంచెవి అక్కడే ఉంది.

బళ్లారి, హొసపేట గనుల ఇనుప ఖనిజం చాలా ఏళ్లు ఈ ఘాట్ దిగే మర్ముగోవా రేవుకు చేరేది. అక్కడి నుంచి ఓడల్లో విదేశాలకు. బరువైన వ్యాగన్లు కొండ దిగేవి, ఖాళీవి ఎక్కేవి. కొండ వాలు సరుకుకు అనుకూలంగా ఉండేది. ఖనిజం జోరు మీదున్న ఆ రోజుల్లోనే, 2010–11 బడ్జెట్ నాటికి, హొసపేట నుంచి హుబ్బళ్లి, తినైఘాట్ మీదుగా వాస్కో దాకా సుమారు 350 కిలోమీటర్లు రెండో లైను వేసే ప్రాజెక్టుకు మంజూరు వచ్చింది.

ఆ వెంటనే ఖనిజం ఆగిపోయింది. 2010 జులైలో కర్ణాటక ఎగుమతిని నిషేధించింది. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో తవ్వకాలే ఆపేసింది. సరిహద్దుకు ఇవతల అనంతపురం జిల్లా ఓబుళాపురం గనుల వ్యవహారం నడిచిన రోజులు అవి, మన పాఠకులకు వేరే గుర్తు చేయక్కర్లేదు. 2012లో గోవా గనులూ మూతపడ్డాయి. ఎగుమతి మీద బతికిన రేవుకు సరుకు కరువైంది.

ఆ లోటును ప్రధానంగా బొగ్గుతో పూడ్చారు. మర్ముగోవాకు బొగ్గు అప్పటికే వస్తోంది. ఆ తర్వాత రేవు తన భవిష్యత్తును దాని మీదే కట్టుకోవాలనుకుంది. 2017లో విస్తరణ మీద వాస్కోలో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే రోజుల తరబడి సాగింది. తమ ఇళ్ల కిటికీల మీద, ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి పేరుకుంటోందని జనం చెబుతూనే ఉన్నారు.

ఇక్కడే బరువు దిశ తిరగబడింది. ఖనిజం కొండ దిగేది, బొగ్గు కొండ ఎక్కాలి. విదేశాల నుంచి ఓడల్లో వచ్చిన కోకింగ్ బొగ్గు బళ్లారి, హొసపేట మధ్య ఉన్న ఉక్కు కొలుములకు చేరాలంటే నిండు వ్యాగన్లు ఆ 37కి 1 వాలును ఎదురెక్కాలి. ఒక్కో గూడ్సు బండికి వెనక ఇంజిన్లు కావాలి. నెట్టి పైకి చేర్చిన ఇంజిన్లు తిరిగి కిందికి రావాలి. సింగిల్ లైను మీద ఆ రాకపోకలకూ చోటివ్వాలి. లైను నిండిపోయిందని రైల్వే అంటే అది అబద్ధం కాదు. కానీ దేనితో నిండింది? రోజుకు నాలుగైదు ప్రయాణికుల బండ్లతో ఏ లైనూ నిండదు. ఖనిజం కోసం మంజూరైన ప్రాజెక్టు బొగ్గుకు పనికొస్తుందని కొనసాగింది. జనానికి మాత్రం ప్రయాణికుల సౌకర్యం అని చెప్పారు.

రైల్వే తరఫు వాదన కూడా చెప్పాలి. లైను సామర్థ్యం మించిపోయింది, ఎదురు బండి కోసం గంటలు గంటలు ఆగాల్సి వస్తోంది, రెండో లైను పడితే ఆలస్యాలు తగ్గుతాయి, కొత్త రైళ్లు వేయొచ్చు, రేవు సరుకు పెరగబోతోంది. పని చేపట్టిన రైల్ వికాస్ నిగమ్ చెప్పింది స్థూలంగా ఇదే. 2019 డిసెంబరులో జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం దీనికి పచ్చజెండా ఊపింది.

ఆ లైను పోయేది మామూలు అడవిలో కాదు. భగవాన్ మహావీర్ అభయారణ్యం, మొల్లెం జాతీయ ఉద్యానం కలిపి సుమారు 240 చదరపు కిలోమీటర్లు. కర్ణాటక వైపు కాళీ పులుల అభయారణ్యం దానికి ఆనుకునే ఉంటుంది. పులికి, అడవిదున్నకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు. అది ఒకే అడవి. పట్టాల మీద అడవిదున్నలు చావడం అక్కడ కొత్త కాదు. అదే అడవిలోంచి రైలుతో పాటు నాలుగు వరుసల రోడ్డు, అధిక ఒత్తిడి విద్యుత్ లైను కూడా ప్రతిపాదించారు. మూడింటికీ కలిపి 59 వేల దాకా చెట్లు పోతాయని ఉద్యమకారులు లెక్క కట్టారు. 2020లో ‘అమ్చే మొల్లెం’ పేరుతో విద్యార్థులు, శాస్త్రవేత్తలు, చిత్రకారులు కదిలారు. బొమ్మలు గీశారు, ఉత్తరాలు రాశారు, నివేదికల్లో తప్పులు ఎత్తి చూపారు.

కానీ ఉద్యమానికి వెన్ను ఊళ్లు. 2020 నవంబరు 1 రాత్రి చాందోర్‌లో జరిగింది గుర్తు చేసుకోవాలి. రెండో లైను (డబ్లింగ్) పని కోసం గోవాలోని ఆ ఊరి లెవెల్ క్రాసింగును అర్ధరాత్రి నుంచి తెల్లవారు అయిదింటి దాకా మూసేస్తామన్నారు. ఆ సమాచారం తెలిసి వేల మంది బయటికొచ్చారు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, పట్టాలకు పదడుగుల దూరంలో ఇళ్లున్నవాళ్లు. కొవ్వొత్తులు పట్టుకుని, పాటలు పాడుతూ తెల్లవార్లూ పట్టాల మీదే కూర్చున్నారు. ‘గోయాంత్ కొళ్సో నాకా’ అన్నదే వాళ్ల నినాదం. గోవాలో బొగ్గు వద్దు అని. రైలు వద్దని వాళ్లు అనలేదు. ఆ రైళ్లలో తిరిగేది, ఆ స్టేషన్ల చుట్టూ బతికేది వాళ్లే. వెల్సావ్ లాంటి తీరపు ఊళ్లలో ఇంటి గోడకూ పట్టాకూ మధ్య మిగిలిన కాస్త జాగా కోసం పోరాడుతున్నదీ వాళ్లే.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ తన నివేదిక ఇచ్చింది. రెండో లైనుకు గట్టి కారణం కనబడలేదంది. దేశ రైల్వేలో అతి తక్కువ దక్షతతో నడిచే ఒక ఘాట్ ముక్క సామర్థ్యాన్ని కాస్త పెంచడానికి సున్నితమైన పశ్చిమ కనుమల అడవిని, వన్యప్రాణులు తిరిగే ముఖ్యమైన దారిని నాశనం చేయడమే అవుతుందని తేల్చింది. 2022 మే 9న సుప్రీంకోర్టు దాన్ని అంగీకరించి క్యాజిల్ రాక్–కులేం డబ్లింగుకు ఇచ్చిన వన్యప్రాణి అనుమతిని రద్దు చేసింది. అయితే తలుపు పూర్తిగా వేయలేదు. వన్యప్రాణి నిపుణుల పర్యవేక్షణలో జీవవైవిధ్యం మీద ప్రభావాన్ని వివరంగా అధ్యయనం చేసి, కొత్త ప్రతిపాదనతో మళ్లీ స్థాయీ సంఘం ముందుకు వెళ్లవచ్చంది. ఏటా ఈ తగువు తిరిగి లేవడానికి కారణం ఆ తెరిచి ఉన్న తలుపే.

మరి బళ్లారి కొలుములకు బొగ్గు ఎలా? అది న్యాయమైన ప్రశ్న. తూర్పు తీరం నుంచి దారి ఉంది. 2019లో ప్రారంభమైన ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను కృష్ణపట్నం రేవును రాయలసీమ వైపు నేరుగా కలుపుతోంది. వెలికొండల్లో ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి ఆ దారి వేశారు. అలాగని గోవా దుమ్మును నెల్లూరు జిల్లా మీదకు తోసేస్తే సరిపోతుందని నేననను. కృష్ణపట్నం చుట్టుపక్కల ఊళ్లకు బొగ్గు కష్టం ఏమిటో బాగా తెలుసు. అక్కడా కప్పిన వ్యాగన్లు, మూసిన గోదాములు, ఊళ్ల మాట వినే అధికారులు ఉండాల్సిందే. చెప్పేదల్లా, ఘాట్ తప్ప వేరే గతి లేదన్న మాట నిలవదని.

ఘాట్ కూడా తన మాట తను చెప్పింది. 2021 జులై 23న దూద్‌సాగర్, సొనావ్లిం స్టేషన్ల మధ్య కొండచరియ విరిగిపడి మంగళూరు–ముంబై రైలు ఇంజిన్, మొదటి పెట్టె పట్టాలు తప్పాయి. అదృష్టం, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కొంకణ్ దారి వరదల్లో మునగడంతో ఆ బండిని ఇటు మళ్లించారు. ఇలాంటప్పుడు ప్రత్యామ్నాయం ఉండాలి కాబట్టే రెండో లైను అని రైల్వే అనవచ్చు. కానీ ఆ రోజు జారింది కొండ. రెండో లైనుకు చోటు చేయాలంటే ఆ కొండనే ఇంకా లోపలికి కోయాలి. నూట ముప్పై ఏళ్లుగా వేళ్లతో మట్టిని పట్టి ఉంచిన చెట్లను కొట్టి కోయాలి. 2024 ఆగస్టు 9న మళ్లీ అదే ముక్కలో, సొనావ్లిం, దూద్‌సాగర్ మధ్య, నిండు గూడ్సు బండి 17 వ్యాగన్లు పట్టాలు తప్పాయి. ఆ రోజు ఆగిపోయిన బండ్లలో వాస్కో నుంచి తిరుపతి, హైదరాబాద్ రావాల్సినదీ ఉంది.

గుంజీల వీడియో తిరిగిన వారానికి, 2023 జులై 24న, బొంబాయి హైకోర్టు గోవా ధర్మాసనం మహాదాయి అభయారణ్యాన్ని, దాని చుట్టుపక్కల అడవులను మూడు నెలల్లో పులుల అభయారణ్యంగా ప్రకటించమని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2020 జనవరిలో అదే మహాదాయిలో ఒక ఆడపులి, దాని మూడు పిల్లలు విషం తిని చనిపోయాయి. తీర్పు మీద రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ చుట్టుపక్కల అడవుల్లో ఒకటైన మొల్లెంకు పులుల అభయారణ్యం హోదా వస్తే రెండో లైనుకు అనుమతి తెచ్చుకోవడం ఇంకా కష్టమవుతుంది. ఆ సంగతి రెండు వైపులవాళ్లకూ తెలుసు.