మొదటి మ్యూజిక్ వీడియో: కొత్త బ్యాండ్ల అపోహలు, చిత్రీకరణలో ఎదురయ్యే వాస్తవాలు

కొత్త బ్యాండు తన మొదటి పాటకు వీడియో తీయించుకోవాలని వచ్చినప్పుడు నేను ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు: పాట నిడివి ఎంత, ఆ ఫైలు ఇక మారదని చెప్పగలిగేది బృందంలో ఎవరు. బడ్జెట్ మాట ఆ తర్వాత వస్తుంది. చాలామందికి ఇది వింతగా తోస్తుంది. కొన్నేళ్లు ఎడిటింగ్ గదిలో కూర్చుని ఆ తర్వాత దర్శకత్వం వైపు వచ్చిన నాకు, తొలి వీడియోలు డబ్బు చాలక చెడిపోవడం కంటే సమయం లెక్క తప్పి చెడిపోవడమే ఎక్కువగా కనిపించింది. ఆ లెక్క తప్పేలా చేసే నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: రఫ్ మిక్స్ (ధ్వనులను ఇంకా పూర్తిగా సర్దని పాట ఫైలు) చేతిలో ఉంటే షూటింగ్ మొదలుపెట్టవచ్చు.

వాస్తవం: మిక్సింగ్ పూర్తికాకపోయినా ఫరవాలేదు గానీ పాట నిర్మాణం మాత్రం ఖరారై ఉండాలి. గొంతు కాస్త పైకి వచ్చినా, గిటారు ధ్వనిలో ప్రతిధ్వని తగ్గినా తెరమీద తేడా ఏమీ రాదు. టెంపో (పాట వేగం) మారినా, సాహిత్యంలో ఒక్క మాట మారినా, వాద్యభాగం పొడవు పెరిగినా, అంతవరకు తీసింది పాటకు అతకదు. ఒకసారి ఒక బృందం చిత్రీకరణ ముగిసిన వారానికి, రెండో చరణానికి ముందు నాలుగు బార్లు (తాళపు ఆవర్తాలు) అదనంగా కలిపిన తుది మాస్టర్ (విడుదలకు సిద్ధమైన పాట ఫైలు) పంపింది. నిమిషానికి 120 బీట్ల పాటలో, బారుకు నాలుగు బీట్ల చొప్పున, అవి ఎనిమిది సెకన్లు. చెవికి అది ఊపిరి పీల్చుకునేంత విరామమే గానీ, బొమ్మ లేని ఎనిమిది సెకన్లను ఎడిటర్ ఎక్కడినుంచి తెస్తాడు? డ్రమ్స్ పక్కన ఉండే లోహపు పళ్లెం (సింబల్) అంచు వణకడం, ఆంప్లిఫయర్ మీద డ్రమ్మర్ పెట్టి మరిచిన నీళ్ల సీసాలో అలలు, గాయని మడమతో తాళం వేయడం వంటివి, ఎవరూ అనుకోకుండా కెమెరాలో పడిన తునకలు దొరకబట్టి ఆ ఖాళీ నిండింది. లేకపోతే మరొక రోజు షూటింగ్ తప్పేది కాదు.

ఖరారైన ఫైలుకు ముందు నాలుగు క్లిక్కులు (పాట ఎప్పుడు మొదలవుతుందో తెలిపే టిక్ శబ్దాలు) చేర్చి, ఫైలు పేరులోనే తేదీ రాసి, సెట్‌కూ ఎడిటర్‌కూ అదే ఫైలు పంపించాలి. ఎవరి ఫోనులోనో మిగిలిపోయిన పాత కాపీని స్పీకరుకు తగిలించి సగం రోజు తీసేసిన సందర్భాలు నేను ఎరుగుదును.

అపోహ: సెట్‌లో రికార్డయ్యే శబ్దాన్ని వాడం కాబట్టి అక్కడ సౌండ్ గురించి పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: మొదటి వీడియో తీసేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సెట్‌లో పాట గట్టిగా మోగుతుండగా బృందం దానికి తగ్గట్టు వాయిస్తుంది, పాడుతుంది. ఆ మోతను కెమెరా మైకు కూడా రికార్డు చేస్తుంది. చివరికి వినిపించేది మాస్టర్ ఫైలే అయినా, ఏ టేకు పాటలో ఏ చోటికి చెందుతుందో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టేది కెమెరా పట్టుకున్న ఆ నాసిరకం శబ్దాన్నిబట్టే. కెమెరా మైకు ఆపేసి తెచ్చిన ఫుటేజీలో ప్రతి షాట్‌నూ పెదవులు చూసి చేత్తో జతచేయాల్సి వస్తుంది, ఆ పని రోజులు తినేస్తుంది.

ఇక డ్రమ్స్ సంగతి. డ్రమ్మర్ నిజంగా కొడితే పాట ఎవరికీ వినిపించదు, కొట్టినట్టు నటిస్తే కర్ర చర్మాన్ని తాకకముందే ఆగిపోవడం క్లోజప్‌లో తెలిసిపోతుంది. డ్రమ్ముల లోపల, సింబళ్ల అడుగున గుడ్డలు పెట్టి మోత తగ్గించి, కెమెరాకు కనిపించని చెవిలో ఇయర్‌ఫోను పెట్టి, నిజంగానే కొట్టించాలి. గాయకులూ అంతే. పెదవులు మాత్రమే కదిపితే మెడ నరాలు బిగుసుకోవు, పై స్థాయికి వెళ్లే ముందు ఛాతీ నిండదు. చూసేవారికి కారణం తెలియకపోయినా ఎక్కడో నమ్మకం కుదరదు. అందుకే గొంతెత్తి పాడమని నేను పట్టుబడతాను. గిటారిస్టు కూడా సరైన తంత్రులనే మీటాలి, ఎందుకంటే దగ్గరి షాట్‌లో ఏ తంత్రి వణుకుతోందో స్పష్టంగా కనిపిస్తుంది, బ్యాండు సంగీతం వినేవారిలో గిటారు నేర్చుకున్నవారు తక్కువేమీ కాదు.

స్లో మోషన్‌లో పెదవులు పాటతో కలవాలంటే లెక్క ముందే వేసుకోవాలి. సెకనుకు 48 ఫ్రేములతో తీసి 24తో చూపించదలిస్తే సెట్‌లో పాటను రెట్టింపు వేగంతో మోగించాలి. గాయకుడు ఆ వేగానికి పాడితే తెరమీద జుట్టు, దుస్తులు తేలిపోతున్నట్టు నెమ్మదిగా కదులుతాయి, పెదవులు మాత్రం అసలు పాటతో సరిగ్గా కలుస్తాయి. వేగం పెంచిన ఫైలును ముందే తయారుచేసుకోవాలి, దానికి పాడడం ఇంట్లోనే సాధన చేయాలి. సెట్‌లో మొదటిసారి ప్రయత్నించినవారు ఒక చరణం దాటేసరికే నవ్వేస్తారు.

కెమెరాలో 24 ఫ్రేములు, ఎడిటింగ్ ప్రాజెక్టులో 23.976 అని పెట్టుకోవడం కూడా చిన్న పొరపాటులాగే కనిపిస్తుంది. తేడా వెయ్యింట ఒక వంతే అయినా, ఫుటేజీని ఆ వేగానికి సర్దినప్పుడు నాలుగు నిమిషాల పాట చివరికి వచ్చేసరికి అది పావు సెకను దగ్గరికి, అంటే ఇంచుమించు ఆరు ఫ్రేములకు చేరుతుంది. పల్లవిలో కలిసిన పెదవులు చివరి చరణంలో కలవడం లేదని ఎవరైనా ఫోను చేస్తే నేను ముందు అడిగేది ఈ అంకెల గురించే.

అపోహ: ఖరీదైన కెమెరా అద్దెకు తీసుకుంటే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: ఆ డబ్బులో కొంత లైట్లకూ, వాటిని నడపగలిగే మనిషికీ ఖర్చుపెట్టడం మేలు. అగ్గువ ఎల్‌ఈడీ దీపాలు కంటికి నిలకడగా కనిపించినా కెమెరాలో మినుకుమంటాయి. 50 హెర్ట్జ్ విద్యుత్తు ఉన్నచోట షట్టర్‌ను (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని) సెకనులో 1/50 లేదా 1/100 వద్ద, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120 వద్ద ఉంచితే చాలావరకు ఈ బెడద తప్పుతుంది. వేదిక మీది అలంకార దీపాలను మాత్రం ముందురోజే కెమెరాతో పరీక్షించాలి.

అపోహ: ఒక్క రోజులో ఐదారు లొకేషన్లు తీసేయవచ్చు, పాట నాలుగు నిమిషాలే కదా.

వాస్తవం: నలుగురు సభ్యుల బ్యాండును తీసుకుందాం. అందరూ కనిపించే వైడ్ షాట్‌లో పాట మొత్తం మూడుసార్లు తీయాలి. తర్వాత ఒక్కొక్కరి మీద ఒక మధ్యమ షాట్, ఒక క్లోజప్ చొప్పున ఎనిమిది సెటప్‌లు (కెమెరా, లైట్ల అమరికలు), వాటికి తోడు వేళ్లు, పెడల్స్, కర్రల వంటి వివరాలకు ఒకటి, మొత్తం పది. సెటప్‌కు మూడు టేకులంటే పాట మోగేది 12 నిమిషాలే, కానీ లైటు జరపడం, లెన్సు మార్చడం, చెమట తుడవడం కలిపితే అరగంట కంటే ముందు ముగియదు. అంటే ఒక్క చోటే ఐదు గంటలు. సామాను విప్పి, కట్టి, మరో చోటికి చేర్చడానికి ఎంత లేదన్నా రెండు గంటలు పోతాయి, డ్రమ్ కిట్ ఉంటే ఇంకా ఎక్కువ. ఒక రోజుకు ఒక ప్రధాన స్థలం, దానికి నడిచి వెళ్లేంత దూరంలో రెండో స్థలం, ఇంతకుమించి నేను ఒప్పుకోను. బృందంలో ఒకరు భోజనాలు, మరొకరు రవాణా చూసుకుంటామని ముందుకొస్తారు. వారి ముఖాల్లో ఆ అలసట సాయంత్రం టేకుల్లో కనిపిస్తుంది కాబట్టి ఆ పనులు బయటివారికి అప్పగించాలి.

అపోహ: కథ లేకపోతే ఎవరూ చూడరు.

వాస్తవం: కొత్త బృందం విషయంలో ప్రేక్షకులకు ముందుగా తెలియాల్సింది వీళ్లెవరు, ఎవరు ఏం వాయిస్తారు అన్నదే. నటులతో నడిచే కథ పెడితే పాట ముగిసేసరికి గుర్తుండేది నటులే. కథకు బదులు ఒక్క బలమైన ఆలోచన చాలు. అమెరికా బృందం ఓకే గో 2006లో ఎనిమిది ట్రెడ్‌మిల్‌ల మీద ఆడుతూ, కదలని కెమెరా ముందు, కట్ లేకుండా తీసిన వీడియోకు మరుసటి ఏడాది గ్రామీ పురస్కారం దక్కింది. దాన్ని చూపించి "మనం కూడా ఇలా చవకగా తీద్దాం" అనేవారు ఎందరో. ఆ ఒక్క టేకు కుదరడానికి 17 ప్రయత్నాలు పట్టాయని చెప్పగానే మాట మార్చేస్తారు.

అపోహ: ప్రతి బీట్‌కూ కట్ పడితే ఊపు వస్తుంది.

వాస్తవం: 120 బీట్ల టెంపోలో బీటు అంటే అర సెకను, 24 ఫ్రేముల లెక్కన 12 ఫ్రేములు. నాలుగు నిమిషాలకు 480 కట్లు! పది సెకన్లు ఉత్సాహంగా ఉంటుంది, ఆ తర్వాత కన్ను అలసి ఎవరి ముఖాన్నీ గుర్తుపట్టదు. నేను కట్‌ను ఎక్కువగా పదం మొదలయ్యే చోట, లేదా బీటుకు ఒకటి రెండు ఫ్రేములు ముందు వేస్తాను. తెల్లని మెరుపులు వాడదలచినవారు సెకనుకు మూడు దాటకుండా చూసుకోవాలి. అంతకుమించితే మూర్ఛవ్యాధి ఉన్న కొందరు ప్రేక్షకులకు ప్రమాదం.

అపోహ: పాట మనదే కాబట్టి హక్కుల గొడవ ఉండదు.

వాస్తవం: ఒక పాటలో రచన-స్వరం ఒక ఆస్తి, రికార్డింగ్ మరొక ఆస్తి. వేరొకరి పాటను మళ్లీ పాడితే రికార్డింగ్ మీదే అవుతుంది, కానీ దాన్ని దృశ్యంతో కలపడానికి స్వరం హక్కుదారుల అనుమతి విడిగా కావాలి. సొంత పాటలో కూడా కొనుక్కున్న లూపులు (మళ్లీ మళ్లీ మోగించేందుకు వేరొకరు రికార్డు చేసిన ముక్కలు) ఉంటే వాటి షరతులు చదవాలి. పంపిణీ సంస్థ ద్వారా పాటను విడుదల చేసిన బృందం, ఆ సంస్థ పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (వీడియోల్లో వాడిన పాటను గుర్తుపట్టే వ్యవస్థలో) నమోదు చేసిందో లేదో తెలుసుకుని, చేసి ఉంటే తమ ఛానెల్‌కు మినహాయింపు ముందే అడగాలి. లేకపోతే విడుదల రోజున తమ వీడియో మీద తమ పాట పేరుతోనే హక్కుల క్లెయిమ్ వస్తుంది. సభ్యులలో ఎవరైనా తప్పుకుంటే వీడియో ఎవరిదో కూడా షూటింగ్‌కు ముందే కాగితం మీద రాసుకోవాలి; స్నేహితుల మధ్య ఆ మాట ఎత్తడం ఇబ్బందే, అయినా తర్వాత ఎత్తడం ఇంకా కష్టం.

అపోహ: మిగిలింది ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు.

వాస్తవం: ఎడిటింగ్‌లో చూసుకోవడానికి ముందు ఫుటేజీ మిగిలి ఉండాలి. సెకనుకు 400 మెగాబిట్లతో రికార్డయ్యే 4కె ఫుటేజీ గంటకు 180 గిగాబైట్లు అవుతుంది. కార్డులోని ఫైళ్లను రెండు వేర్వేరు డిస్కులకు ఎక్కించి, రెండింటిలోనూ తెరిచి చూశాకే ఆ కార్డును మళ్లీ వాడాలి. ఆ బాధ్యత ఒక్కరిదే అయి ఉండాలి, ఆ వ్యక్తికి సెట్‌లో మరే పనీ చెప్పకూడదు. నిలువు తెర కోసం చిన్న తునకలు కావాలనుకుంటే షూటింగ్ రోజునే మానిటరు మీద 9:16 (నిలువు తెర కొలత) గీతలు పెట్టుకోవాలి. వైడ్ షాట్‌లో రెండు కొసల్లో నిలబెట్టిన గిటారిస్టులను తర్వాత ఏ ఎడిటరూ మధ్యకు తేలేడు.