రాగి గని, దాన్ని నమ్ముకున్న కాలనీ: అపోహలు - వాస్తవాలు

రాగి గనుల్లో జియాలజిస్టుగా చేసి, రిటైరయ్యాక గుంటూరు వచ్చేశాను. వినుకొండ వైపు నుంచి ఇప్పటికీ ఎవరో ఒకరు రుమాల్లో రాళ్లు చుట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. అగ్నిగుండాల ప్రాంతం 2022లో పల్నాడు జిల్లా ఏర్పడేదాకా మన జిల్లాలోదే. అక్కడ బండ్లమోటులో సీసం, నల్లకొండలో రాగి ఉన్నాయి. ఆ రాళ్లతో పాటు వచ్చే ప్రశ్నలకే ఈ జవాబులు.

అపోహ: పచ్చగా మెరిస్తే బంగారం, రాగైతే ఎర్రగా ఉంటుంది.

వాస్తవం: మన గనుల్లో రాగి ఎక్కువగా చాల్కోపైరైట్‌గా దొరుకుతుంది. రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజమది, ఇత్తడి రంగులో ఉంటుంది. మొన్న ఒకబ్బాయి తెచ్చిన రాయిని బాత్రూం టైలు వెనకవైపు, గరుకుగా ఉన్నచోట గట్టిగా గీశాను. ఆకుపచ్చ ఛాయతో నల్లటి గీత పడింది. బంగారమైతే గీత కూడా పసుపుగానే ఉంటుంది. చాకు మొన గుచ్చితే పొడి రాలింది. బంగారం రాలదు, సొట్ట పడుతుంది.

"అయితే మా చేలో గని పడదా సార్?" అన్నాడు. ఒక రాయిని బట్టి చెప్పలేం బాబూ, డ్రిల్లింగ్ చేసి చూడాలి అన్నాను.

అపోహ: రాగి విషం వల్ల గని కార్మికుల ఊపిరితిత్తులు పాడవుతాయి.

వాస్తవం: ముఖ్యమైన శత్రువు రాతిలోని సిలికా ధూళి. డ్రిల్లు మొనకు నీళ్లు పెట్టకుండా పొడిగా తొలిస్తే ఆ ధూళి లోపలికి పోతుంది. దానివల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు సిలికోసిస్, వస్తే నయం కాదు.

అపోహ: గని మూతపడిందంటే సరుకు అయిపోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు సరుకు లోపలే ఉంటుంది. మన ముడిరాయిలో రాగి నూటికి ఒక పాలు, అటూ ఇటూగా. వంద కిలోల రాయి తవ్వి, పైకి చేర్చి, పిండి కొట్టి, నురగ మీద తేల్చి, కరిగిస్తే చేతికొచ్చేది మహా అయితే కిలో రాగి. ధర తేలేది లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో. ఖర్చు మాత్రం లోతుకు పోయేకొద్దీ ఇక్కడ పెరుగుతుంది. తవ్వితే ఖర్చన్నా గిట్టే హద్దును మేం కటాఫ్ గ్రేడ్ అంటాం. ధర పడిందా, నిన్నటి ఖనిజం ఇవాళ వట్టి రాయి. పంపులు ఆపేస్తే గని నీళ్లతో నిండిపోతుంది, మళ్లీ తెరవాలంటే ముందు ఆ నీళ్లన్నీ తోడిపోయాలి.

అపోహ: కంపెనీ పెరిగితే కాలనీ కూడా బాగుపడుతుంది.

వాస్తవం: రాగి తవ్వే ప్రభుత్వ కంపెనీ హిందుస్థాన్ కాపర్ 1967లో ఏర్పడింది. 1972లో ఇప్పటి జార్ఖండ్‌లోని ఘాట్‌శిల ప్రాంతంలో ఉన్న ఇండియన్ కాపర్ కార్పొరేషన్‌ను జాతీయం చేసి ఇందులో కలిపారు. 1982లో మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్ గని మొదలైంది. రాజస్థాన్‌లోని ఖేత్రీలో రాగి కరిగించే స్మెల్టరు 2008లో ఆగింది. కంపెనీ ఒకచోట తగ్గి ఇంకోచోట పెరగగలదు. కాలనీకి ఆ వీలు లేదు, షాఫ్టు, అంటే గనిలోకి దిగే నిలువు బావి, ఎక్కడుంటే అక్కడే ఉంటుంది.

పైగా కాలనీ అందరిదీ కాదు. నేను చేసిన ఒక గనిలో పర్మనెంటు వాళ్లకు క్వార్టరు, ఆస్పత్రి, బడి ఉండేవి. కాంట్రాక్టు డ్రిల్లర్లు గేటు బయట రేకుల గదుల్లో ఉండేవారు. గనిలోకి దిగేది ఒకే లిఫ్టులో, పీల్చేది ఒకే ధూళి. పైకొచ్చాక ఒకరు కాలనీ వైపు, ఒకరు రేకుల వైపు. ఒక ఎండాకాలం బిందెలతో కాలనీ కుళాయికి వచ్చిన వాళ్ల ఆడవాళ్లను గేటు దగ్గరే వెనక్కి పంపడం చూశాను. అప్పుడు నేను నోరెత్తలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అందుకే రాళ్లు తెచ్చేవాళ్లకు ఒకటి చెబుతుంటాను. మీ వైపు ఎప్పుడైనా గని వస్తుందంటే, ప్రజాభిప్రాయ సేకరణకు తప్పకుండా వెళ్లండి. గని మూసివేత ప్రణాళిక 2003 నుంచి తప్పనిసరి, పని పోయే మనుషుల సంగతి కూడా అందులో రాయాలి. ఆ పేజీ తెలుగులో చదివి వినిపించమనండి. కాంట్రాక్టు వాళ్లకు ఎన్ని ఇళ్లు కడతారో, నీళ్లు ఎక్కడి నుంచి ఇస్తారో అడిగి రాయించుకోండి.