రేపటి గురించి యువత ఏమనుకుంటోంది? అపోహలు - వాస్తవాలు

దేశం గురించీ తమ జీవితం గురించీ ఏమనుకుంటున్నారో యువతను అడిగి రాసుకోవడం నా పని. వాళ్ల తరఫున పెద్దలే చెప్పేసే మాటలు కొన్ని ఎక్కడికెళ్లినా వినిపిస్తాయి. నాకు బాధ కలిగించేవి ఇవి.

అపోహ: ఈ తరానికి ఆశే లేదు.

వాస్తవం: 2021లో యూనిసెఫ్, సర్వేల సంస్థ గాలప్ కలిసి మన దేశంతో సహా 21 దేశాల్లో సర్వే చేశాయి. తరం మారేకొద్దీ ప్రపంచం బాగుపడుతోందని 15-24 ఏళ్ల వాళ్లలో 57 శాతం మంది అన్నారు. నలభై దాటినవాళ్లలో 39 శాతమే ఆ మాటన్నారు. నిరాశ ఎక్కువున్నది పెద్దవాళ్లలోనే.

అపోహ: అమెరికా వెళ్లాలనుకునేవాళ్లకు దేశం మీద నమ్మకం పోయింది.

వాస్తవం: నీ జీవితం ఎలా ఉంటుంది, దేశం ఎలా ఉంటుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. విడివిడిగా అడగాలి. దేశం బాగుపడుతుందని గట్టిగా చెప్పే అమ్మాయే ఎమ్మెస్‌కి అప్లై చేస్తుంటుంది. చదువుకు తగ్గ జీతం, ఇంటి మీదున్న అప్పు ఆమె లెక్కలు. మరోపక్క హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి, అవనిగడ్డలో డీఎస్సీకి చదివేవాళ్లు వ్యవస్థ మీద కోపంగా మాట్లాడుతూనే, తమకు ఉద్యోగం వస్తుందని నమ్ముతారు. దేశం మీద అభిప్రాయం చాలావరకు వార్తలు చూసి ఏర్పడేది. తన మీద నమ్మకం తను పడ్డ కష్టంలోంచి వచ్చేది. రెండూ ఒకేలా ఉండాలని లేదు.

మేం అడిగేటప్పుడు నాన్న పక్కన కూర్చుంటే జవాబు మారిపోతుంది, అందుకే విడిగా మాట్లాడతాం. "ఏమోనండీ" అంటే పట్టనితనం అనుకోవద్దు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియని పిల్లాడు అయిదేళ్ల తర్వాతి సంగతి ఎలా చెబుతాడు? కాసేపు ఆగితే అసలు టెన్షన్ బయటికొస్తుంది.

అపోహ: వాతావరణ మార్పు బెంగ పాశ్చాత్య దేశాల పిల్లలదే.

వాస్తవం: 10 దేశాల్లో 16-25 ఏళ్ల 10,000 మందిని అడిగిన అధ్యయనం 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చింది. భవిష్యత్తు భయపెడుతోందని 75 శాతం మంది చెప్పారు. ఈ ఆందోళన అమెరికా, బ్రిటన్‌లకంటే భారత్, ఫిలిప్పీన్స్‌లలో ఎక్కువ. అయితే అది ఆన్‌లైన్ సర్వే, నెట్ లేనివాళ్ల గొంతు అందులో లేదు. అనంతపురం పల్లెలో క్లైమేట్ చేంజ్ అని అడిగితే జవాబు రాకపోవచ్చు. వానలు అదనుకు పడుతున్నాయా, బోరులో నీళ్లున్నాయా, రేపు నీ పిల్లలు సేద్యం చేస్తారా అని అడగండి. ఆపకుండా మాట్లాడతారు.

అపోహ: 18 ఏళ్ల వాళ్లకు ఓటు పట్టదు.

వాస్తవం: 61వ రాజ్యాంగ సవరణతో 1989 నుంచి 18 ఏళ్లకే ఓటు హక్కుంది. పేరు నమోదు కాకపోతే నిర్లక్ష్యమని తిట్టకండి. సొంతూళ్లో చేయించుకోవాలా, హాస్టల్ ఉన్నచోటా అన్నది చాలామందికి తెలియదు. హాస్టల్ చిరునామాతోనూ చేయించుకోవచ్చు. 17 నిండితే ఓటరు నమోదు దరఖాస్తు ఫారం-6 ముందే ఇవ్వచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో దేనికి 18 నిండితే అప్పటి నుంచి జాబితాలో పేరు చేరుతుంది.