గుడ్లు చల్లగా ఉన్నాయని గూడు తీసేయకండి: బ్లూబర్డ్‌లపై అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ వచ్చిందంటే ఒహాయోలో ఉన్న మన తెలుగువాళ్ల నుంచి బ్లూబర్డ్ అనే చిన్న నీలం పిట్ట గురించి నాకు ఇవే ఫోన్లు. "అక్కా, పెరట్లో పిట్టలు గూడు కట్టుకోవడానికి పెట్టిన నెస్ట్ బాక్స్‌లో నీలం గుడ్లున్నాయి. తల్లి కనబడట్లేదు. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. వదిలేసి పోయినట్టేనా?"

అపోహ: చల్లటి గుడ్లంటే తల్లి వదిలేసినవే.

వాస్తవం: కాదు. ఆడపిట్ట రోజుకొకటి చొప్పున నాలుగైదు గుడ్లు పెడుతుంది. అన్నీ పెట్టడం అయ్యేదాకా పొదగదు. పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి పుట్టాలంటే అదే పద్ధతి. ఆ నాలుగైదు రోజులూ గుడ్లు చల్లగానే ఉంటాయి, చెడిపోవు. పొదగడం మొదలయ్యాక సుమారు రెండు వారాలకు పిల్లలవుతాయి. అప్పుడు కూడా తల్లి మేతకు లేచి వెళ్తూనే ఉంటుంది.

మాకు తెలిసిన ఒకావిడ ఎవరి మాటో విని, కంగారుపడి గూడంతా తీసి చెత్తలో వేసేశారు. మర్నాడు నేను వెళ్లి చూస్తే ఆడపిట్ట ముక్కున గడ్డిపరకతో వచ్చి, కన్నంలో తల దూర్చి, లోపలికి పోకుండా వెనక్కి ఎగిరి తీగ మీద కూర్చుంటోంది. ఆవిడ ఏడ్చేశారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. తెలియకుండా సలహాలిచ్చేవాళ్ల మీదే కోపం. పైగా 1918 నాటి అమెరికా వలస పక్షుల చట్టం ప్రకారం గుడ్లున్న గూడు తీసేయడం నేరం.

అపోహ: మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్లీ రాదు.

వస్తుంది. ఈ భయంతో బాక్స్ తెరవకుండా వదిలేస్తే, ఇంగ్లిష్ పిచ్చుకలు దూరి గుడ్లు పొడిచేసినా మీకు తెలియదు. వారానికోసారి చూడండి. పిల్లలకు 12 రోజులు దాటాక మాత్రం తలుపు తీయొద్దు, ఎగరడం రాకుండానే బయటికి దూకేస్తాయి.

అపోహ: దగ్గరికి వెళ్తేనే మంచి ఫోటో.

పిట్ట పురుగు నోట పట్టుకుని గూట్లోకి పోకుండా తీగ మీదే అటూ ఇటూ కదులుతోందంటే కారణం మీరే, వెనక్కి రండి. కారులో కూర్చుని తీయండి, అది కారును పెద్దగా పట్టించుకోదు. ఫోటోలో రంగు బూడిదగా వచ్చిందని కెమెరాను తిట్టకండి. ఈకల్లో నీలం రంగు పదార్థమే లేదు, వెలుగు చెదిరితేనే ఆ నీలం. పొద్దుటి ఎండ మీ వీపు వైపు ఉండేలా చూసుకోండి.

బ్లూబర్డ్ మన పాలపిట్టకు చుట్టం కాదు, ఇక్కడి రాబిన్ అనే పిట్ట కుటుంబం. అన్నీ వసంతంలోనే తిరిగి వస్తాయనుకోకండి, కొన్ని చలికాలమంతా పళ్లు తింటూ ఇక్కడే ఉంటాయి. కారు అద్దాన్ని పొడిస్తే అపశకునమూ కాదు. తన నీడనే పోటీకొచ్చిన పిట్ట అనుకుంటోంది. అద్దానికి ఒక కవర్ తొడగండి, మానేస్తుంది.