ఈసీ అంటే ఏ ఈసీ?

భూసార పరీక్ష కార్డులో ఈసీ ఉంటుంది, పురుగుమందు డబ్బా మీద ఈసీ ఉంటుంది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో తీసుకునేదీ ఈసీయే. ఈ మూడింటికీ ఏ చుట్టరికమూ లేదు. మొదటిది మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, రెండోది నీళ్లలో పోస్తే పాలలా మారే నూనె మందు. మూడోది భూమి కాగితం, దాన్ని పక్కన పెడదాం.

అపోహ: కార్డులో ఈసీ 1.2 వచ్చింది. మిర్చి 1.5 దాకా తట్టుకుంటుందట, భయం లేదు.

వాస్తవం: ఆ రెండు అంకెలూ ఒకే కొలత కావు. మిర్చికి 1.5, పత్తికి 7.7 అనే హద్దులు మట్టిని ముద్దగా తడిపి, అందులోంచి లాగిన నీటిలో కొలిచినవి. మన ల్యాబుల్లో మామూలుగా ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలుపుతారు. ఉప్పు పలచబడి అంకె చిన్నదవుతుంది. అదే మట్టిని ముద్ద పద్ధతిలో కొలిస్తే 1.2 కాస్తా కొన్ని రెట్లు అవుతుంది. చెల్కలో ఈ తేడా మరీ ఎక్కువ, నల్లరేగడిలో కొంత తక్కువ. ల్యాబు పద్ధతిలో 1 లోపు ఉంటేనే నిశ్చింత, దాటితే మొలక దగ్గరే దెబ్బ కనబడొచ్చు. మీటరు 1200 చూపిస్తే కంగారు పడొద్దు. అది వెయ్యి రెట్లు చిన్న కొలమానమైన మైక్రో లెక్క, వెయ్యితో భాగిస్తే కార్డులోని 1.2తో సమానం.

అపోహ: 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటుంది.

వాస్తవం: ఆ 23 కిలోలు పీ2ఓ5 (భాస్వరం ఆక్సైడ్) లెక్క. అసలు భాస్వరం 10 కిలోలే. మోసమేమీ కాదు, ఆక్సైడ్‌లో చెప్పడం పాతకాలపు రసాయన శాస్త్రం అలవాటు. పీ2ఓ5ని 0.44తో, పొటాష్‌లోని కే2ఓని 0.83తో గుణిస్తే అసలు మూలకం వస్తుంది. నత్రజనికి ఈ మెలిక లేదు: 45 కిలోల యూరియాలో 20.7 కిలోలు నత్రజనే.

చిక్కంతా కార్డు చదివేటప్పుడే. భాస్వరం హెక్టారుకు 24 కిలోలు అని రాసి పక్కన 'పీ' ఉంటే మధ్యస్థంలో పైఅంచు, 'పీ2ఓ5' ఉంటే తక్కువకు ఆనుకున్నట్టు. అంకె ఒకటే, వేయాల్సిన ఎరువు వేరు. అన్నట్టు, పరిశోధన పత్రాల్లో '30 డీఏపీ' అంటే నాటిన 30 రోజులకు అని, ఎరువు కిలోలు కావు.

అపోహ: డబ్బా మీద అంకె పెద్దదైతే మందు ఘాటు, పక్కనున్న అక్షరాలు కంపెనీ గుర్తులు.

వాస్తవం: అంకె మందు శాతం మాత్రమే. ప్రొఫెనోఫాస్ 50 ఈసీ లీటరు నీళ్లకు 2 మి.లీ. పోస్తాం, ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ (నీళ్లలో పూర్తిగా కరిగే ద్రవం) అర మి.లీ. కూడా పట్టదు. ఇక అక్షరాలు కలిపే వరుస చెబుతాయి. ముందు పంపు సగం నీళ్లతో నింపాలి. డబ్ల్యూపీ, అంటే నీళ్లలో కలిసే పొడిని, బకెట్‌లో కొద్ది నీళ్లతో జావలా చేసి పోయాలి. తర్వాత ఎస్‌సీ (మందు సన్నని రేణువులుగా తేలే చిక్కటి ద్రవం), డబ్బాను బాగా కుదిపి. అడుగున పేరుకుంటుంది కాబట్టి. ఆపైన ఈసీ, చివర ఎస్‌ఎల్. పొడి మీద నేరుగా ఈసీ పోస్తే ఉండలు కట్టి జాలీ, నాజిల్ మూసుకుపోతాయి. ఈసీ కలిపిన నీళ్ల మీద నూనె తేలితే ఆ పంపు కొట్టొద్దు, ఆకు మాడుతుంది. అనుమానముంటే అదే పాళ్లలో చిన్న సీసాలో కలిపి అరగంట చూడండి. విరిగినా వేడెక్కినా ఆ రెండు మందులూ కలపకూడదు.