సొరోరిటీల గురించి అమ్మానాన్నలు నన్ను అడిగేవి, అడగనివి

అమెరికాలో ఒక యూనివర్సిటీలో సొరోరిటీల వ్యవహారాలు చూసే ఆఫీసులో పనిచేస్తాను. సొరోరిటీలంటే కాలేజీ అమ్మాయిలు చేరే, గ్రీకు అక్షరాల పేర్లుండే సంఘాలు. సభ్యులు కలిసుండే ఇల్లే హౌస్. ఆగస్టు వచ్చిందంటే ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "మా అమ్మాయి రష్‌కి వెళ్తానంటోంది మేడమ్, అక్కడంతా తాగుడు, తందనాలేనట కదా?" అని. రష్ అంటే సొరోరిటీలో చేరడానికి జరిగే ఎంపిక. భయపడటంలో తప్పు లేదు. కానీ చాలామంది భయపడాల్సింది వదిలేసి, అక్కర్లేని దానికి భయపడతారు.

అపోహ: సొరోరిటీ హౌస్ అంటే పార్టీల కొంప.

నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే సమాఖ్యలో 26 సొరోరిటీలున్నాయి. వీటి హౌసుల్లో మామూలుగా మందు నిషిద్ధం. చాలాచోట్ల మన హాస్టల్ వార్డెన్ లాంటి హౌస్ డైరెక్టర్ అక్కడే ఉంటుంది. ఇంతవరకూ విని అమ్మలు హమ్మయ్య అనుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తమ ఇంట్లో కుదరదు కాబట్టి పార్టీలు ఫ్రెటర్నిటీల, అంటే మగపిల్లల సంఘాల, హౌసుల్లో జరుగుతాయి. అంటే అర్ధరాత్రి మీ అమ్మాయి పరాయి ఇంట్లో, ఎవరో కలిపిన గ్లాసు పట్టుకుని ఉండొచ్చు. "హౌస్‌లో తాగుతారా?" అని కాదు, "పార్టీకి వెళ్తే వెనక్కి ఎవరితో వస్తావు?" అని అడగండి.

అపోహ: ఒకే ఇంట్లో ఎక్కువమంది ఆడపిల్లలుంటే వ్యభిచార గృహం కింద లెక్క, అందుకే కొన్నిచోట్ల హౌసులు లేవు.

క్యాంపస్ క్యాంపస్‌కీ తిరిగే పుకారు. అలాంటి చట్టం ఎవరూ చూపించలేదు.

అపోహ: తెల్లవాళ్ల డబ్బున్న పిల్లలకే.

సినిమాల్లో చూపించేది అదే మరి. కానీ ఆల్ఫా కాపా ఆల్ఫా 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థినులు పెట్టుకున్నది. కమలా హారిస్ అందులో సభ్యురాలు. అదే హోవర్డ్‌లో 1913లో 22 మంది అమ్మాయిలు డెల్టా సిగ్మా థీటా పెట్టారు. పెట్టిన రెండు నెలలకే వాషింగ్టన్‌లో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం జరిగిన ఊరేగింపులో నడిచారు. మనవాళ్ల సంగతికొస్తే, దక్షిణాసియా అమ్మాయిల కోసం 1998లో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కాపా ఫై గామా, న్యూయార్క్‌లో సిగ్మా సిగ్మా రో పుట్టాయి.

అలాగని ఈ మాట పూర్తిగా అబద్ధం అనలేను. అలబామా యూనివర్సిటీలో ఒక నల్లజాతి అమ్మాయిని చేర్చుకుందామని చాప్టర్‌లో (సొరోరిటీకి ఆ క్యాంపస్‌లో ఉండే శాఖ) పిల్లలు అనుకున్నా పాత సభ్యులు అడ్డుపడ్డారని 2013లో అక్కడి విద్యార్థి పత్రిక క్రిమ్సన్ వైట్ బయటపెట్టింది. ఆ గొడవ తర్వాతే అక్కడ తలుపులు కాస్త తెరుచుకున్నాయి.

అపోహ: అందంగా ఉంటే చాలు, తీసేసుకుంటారు.

రష్ సగం పెళ్లిచూపులు, సగం వెబ్ ఆప్షన్లు. రోజుల తరబడి ఇల్లిల్లూ తిరిగి, చెప్పిన మాటే చెబుతూ నవ్వాలి. ప్రతి రౌండ్ తర్వాత అమ్మాయి హౌసులకు వరుస పెడుతుంది, హౌసులు అమ్మాయిలకు వరుస పెడతాయి. రెండు జాబితాలూ కంప్యూటర్ కలుపుతుంది. చివర్న వచ్చే ఆహ్వానాన్ని బిడ్ అంటారు. బిడ్ రాని పిల్లలు గదిలో తలుపేసుకుని ఏడుస్తారు. ఆ రోజు మీ ఫోన్ దగ్గర పెట్టుకోండి.

ఇక ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: డబ్బు. "స్నేహితుల్ని కొనుక్కోవడమే కదా" అని వెక్కిరిస్తారు గానీ, ఎంతకో అడగరు. మొదటి ఏడాది కొత్త సభ్యుల ఫీజులు కలిసి ఖర్చు మామూలుగా ఎక్కువే. టీషర్టులు, ఫొటోలు, బిగ్ - లిటిల్ కానుకలు వేరే. బిగ్ అంటే కొత్తగా చేరిన లిటిల్‌ని దత్తత తీసుకునే అక్క. మీటింగ్ ఎగ్గొడితే జరిమానా వేసే చాప్టర్లున్నాయి. హౌస్‌లో ఒక ఏడాది ఉండి తీరాలనే ఒప్పందాలూ ఉన్నాయి. ఒకమ్మాయి రెండో సెమిస్టర్‌లో నా దగ్గరకొచ్చి, ఇంట్లో చెప్పకుండా క్యాంపస్ కాఫీ కొట్లో పనిచేసి డ్యూస్ (సభ్యత్వ రుసుము) కడుతున్నానంది. సంతకం పెట్టే ముందు మొత్తం లెక్క కాగితం మీద అడగండి. ఇవ్వనంటే ఆ చాప్టర్ వద్దు.

అపోహ: హేజింగ్ (కొత్తగా చేరేవాళ్లను పాతవాళ్లు ఏడిపించడం) మగపిల్లల గొడవ, పైగా మన దేశీ సొరోరిటీలో ఉండదు.

రెండూ తప్పే. మన ర్యాగింగ్‌కీ దీనికీ ఒక తేడా ఉంది. ర్యాగింగ్ చేసిన సీనియర్‌ని పిల్లలు తిట్టుకుంటారు. ఇక్కడ చేసేది "అక్క" కాబట్టి దాచిపెడతారు. నిద్ర లేకపోవడం, ఎప్పుడూ ఫోన్‌కి అతుక్కుని ఉలిక్కిపడటం గమనించండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ మీద చట్టం చేసింది. ఇక్కడ కాలేజీలు హేజింగ్ లెక్కలు బయటపెట్టాలనే ఫెడరల్ చట్టం 2024 డిసెంబర్‌లో గానీ రాలేదు.

చివరగా, గ్రీకు అక్షరాలు కనిపించిన ప్రతిదీ సొరోరిటీ కాదు. 1776లో పుట్టిన ఫై బీటా కాపా చదువులో పైనున్నవాళ్లకిచ్చే గౌరవం. మొన్న ఒకాయన ఫోన్ చేసి, "ఏదో కాపా వాళ్లు మా అమ్మాయిని రమ్మని ఉత్తరం పంపారు, వద్దని రాసేయమన్నాం" అన్నారు గర్వంగా. పేరు మొత్తం చదవమన్నాను. చదివారు. ఆ ఉత్తరం ఇంకా పంపలేదు కదా అని అడిగాను.